బొగ్గు గనుల ఊరి నుంచి వెండితెర దాకా
(సినీ దర్శకుడు బిల్ డగ్లస్ జీవిత పరిచయం)

ప్రతి వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేసుకోవడం మనకు ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గురించి మన సీనియర్లు రాశారు. ఈసారి మేము రాస్తున్నది ఒక సినిమా మనిషి గురించి. ఆయన పేరు బిల్ డగ్లస్. ఊరు స్కాట్లండ్‌లోని ఒక బొగ్గు గనుల పల్లె. బ్రిటన్‌లో సినిమా చదివేవాళ్లందరికీ తెలిసిన పేరే అయినా మన దగ్గర ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువ. కథ రాసి, దర్శకత్వం వహించి ఆయన లోకానికి ఇచ్చిన పెద్ద సినిమాలు నాలుగే నాలుగు. అందులో మూడు తన చిన్ననాటి కష్టం గురించి. నాలుగోది కూలి పెంచమని అడిగి శిక్ష పడిన పాలేర్ల గురించి.

సినిమావాడి కథ హాస్టల్ పిల్లలకు ఎందుకని మీరు అడగవచ్చు. ముందుగా మా సంగతి ఒకటి చెప్పాలి. ఈ హాస్టల్లో పదో తరగతి పూర్తి చేసి కాలేజీకి వెళ్లిన కొత్తలో ఎక్కడ ఉండి చదివావని ఎవరైనా అడిగితే మేము తడబడేవాళ్లం. మేనమామ ఇంట్లో ఉన్నామని ఒకరు, పట్నంలో రూము తీసుకున్నామని ఒకరు చెప్పేవాళ్లం. ట్రంకుపెట్టె మీద తెల్ల రంగుతో రాసిన హాస్టల్ పేరును మేకుతో గీకేసిన వాళ్లం కూడా మాలో ఉన్నాం. చాలా ఏళ్ల తర్వాత బిల్ డగ్లస్ సినిమాలు చూసినప్పుడు ఆ గీకిన పెట్టె గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాం. మేము దాచుకున్న దాన్నే ఆయన తెర మీద పెట్టి ప్రపంచానికి చూపించాడు. అందుకే ఈ వ్యాసం.

బాల్యం

బిల్ డగ్లస్ 1934 ఏప్రిల్ 17న ఎడింబరో నగరం పక్కన ఉన్న న్యూక్రెయిగ్‌హాల్‌లో పుట్టాడు. ఆ ఊరికి బొగ్గే బతుకు. మగవాళ్లు గనిలోకి దిగితే ఇల్లు గడుస్తుంది, లేకపోతే లేదు. బిల్ తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు. అలా పుట్టిన పిల్లవాడిని ఆ రోజుల్లో ఊరు ఎలా చూసి ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అమ్మమ్మ దగ్గర పెరిగాడు. ఆమె చనిపోయాక తండ్రి తరఫు నాయనమ్మ ఇంటికి చేరాడు. చేరినంత మాత్రాన అది ఆయన ఇల్లు కాలేదు.

ఆ పిల్లవాడికి ఉన్న ఒకే ఒక్క సంతోషం సినిమా. చేతిలో డబ్బు ఉండేది కాదు. ఖాళీ జామ్ సీసాలు ఏరుకొచ్చేవాడు. ఆ సీసాలే ఆయనకు టికెట్టు డబ్బులు. సినిమా హాల్లో వెచ్చదనం ఉంటుంది, వెలుగు ఉంటుంది, తెర మీద రంగురంగుల లోకం ఉంటుంది. బయటకొస్తే మళ్లీ చలి, మసి, తిట్లు. సెలవు రోజుల్లో నేల టికెట్టు కోసం మైళ్ల కొద్దీ నడిచి వెళ్లిన మన సీనియర్లకు ఈ ఆనందం తెలుసు. ఎవరికీ అక్కరలేని పిల్లవాడిని ఆ రెండు గంటలు ఎవరూ పొమ్మనరు. ఆ మేలును బిల్ జీవితాంతం మరిచిపోలేదు.

ఈజిప్టులో దొరికిన స్నేహం

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కూడా బ్రిటన్‌లో యువకులు కొంతకాలం తప్పనిసరిగా సైన్యంలో పనిచెయ్యాలన్న నియమం ఉండేది. 1950లలో బిల్ వైమానిక దళంలో చేరాడు. ఈజిప్టుకు పంపారు. ఎడారి, గుడారాలు, చెయ్యడానికి పెద్దగా పని లేని రోజులు. అక్కడ పీటర్ జూయెల్ అనే ఇంగ్లీషు యువకుడు పరిచయమయ్యాడు. పీటర్ చదువుకున్నవాడు, పుస్తకాలంటే ప్రాణం. ఇద్దరి పుట్టుకలు వేరు, మాట్లాడే యాస కూడా వేరు. అయినా స్నేహం కుదిరింది. చివరి శ్వాస దాకా నిలిచింది. బిల్ డగ్లస్ జీవితంలో పెద్ద మలుపు ఏదని అడిగితే మేము ఈ స్నేహమనే చెబుతాం. బడిలో దక్కని చదువు ఆయనకు ఆ ఎడారిలో ఒక స్నేహితుడి ద్వారా దక్కింది.

సైన్యం నుంచి వచ్చాక బిల్ లండన్ చేరాడు. మొదట నటుడు కావాలనుకున్నాడు. శ్రామికుల పేటలో నాటకాలు ఆడే జోన్ లిటిల్‌వుడ్ బృందంలో కొంతకాలం ఉన్నాడు. 1961లో టెలివిజన్ నాటకాల్లో నటించాడు. 1962లో ఆయన రాసిన ఒక సంగీత నాటకం రంగస్థలం మీదికి వచ్చింది. పేరు రాలేదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆయనా పీటరూ కలిసి 8 ఎం.ఎం. చిన్న కెమెరాతో సొంతంగా బొమ్మలు తీస్తూ నేర్చుకున్నారు. చివరికి 1969లో లండన్‌లోని ఫిల్మ్ స్కూల్లో విద్యార్థిగా చేరాడు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు. మన దగ్గర ఒక ఏడాది ఫెయిలైతే చదువు అయిపోయిందని ఇంటికి వెళ్లిపోయే తమ్ముళ్లు ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాం.

నా బాల్యం

ఫిల్మ్ స్కూలు అయ్యాక బిల్ ఒక కథ రాశాడు. పేరు 'జేమీ'. గనుల ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగే ఒక పిల్లవాడి కథ. సాధారణంగా సినిమా స్క్రిప్టులో మాటలు ఎక్కువ ఉంటాయి. ఆయన స్క్రిప్టులో మాటలు తక్కువ. ఒక్కో చిన్న వాక్యం ఒక్కో దృశ్యం. చదువుతుంటేనే సినిమా కళ్ల ముందు కదులుతుంది. కానీ సొంత స్కాట్లండ్‌లో దానికి డబ్బు పుట్టలేదు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త దర్శకులకు సాయం చేసే విభాగానికి 1971లో మమూన్ హసన్ అధికారిగా వచ్చాడు. ఆయన సౌదీ అరేబియాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడినవాడు. ఆ స్క్రిప్టు విలువ ఆయనకు వెంటనే తెలిసింది. అతి తక్కువ డబ్బుతో సినిమా మొదలైంది. 'జేమీ' అన్న పేరు తీసేసి 'మై చైల్డ్‌హుడ్', అంటే 'నా బాల్యం' అని పెట్టారు.

ఈ పేరు మారడం చిన్న విషయంగా మాకు అనిపించదు. జేమీ అంటే ఎవరో ఒక పిల్లవాడు. నా బాల్యం అంటే ఇది నాది, ఈ ఆకలి నాది, ఈ చిరిగిన చొక్కా నాది అని ఒప్పుకోవడం.

జేమీ వేషానికి శిక్షణ పొందిన బాలనటుడు కాక అలాంటి బతుకే తెలిసిన పిల్లవాడు కావాలి. బడి ఎగ్గొట్టి బస్టాపు దగ్గర తిరుగుతున్న ఇద్దరు అబ్బాయిలు బిల్ కంటపడ్డారు. వాళ్లే స్టీఫెన్ ఆర్చిబాల్డ్, హ్యూ రెస్టోరిక్. స్టీఫెన్ జేమీగా, హ్యూ అతని అన్న టామీగా నటించారు. షూటింగు కూడా న్యూక్రెయిగ్‌హాల్‌లోనే జరిగింది. తాను చలికి వణికిన వీధుల్లోనే బిల్ కెమెరా నిలబెట్టాడు.

కథ 1945 నాటిది. యుద్ధం ముగుస్తున్న రోజులు. జేమీ, టామీ ఇద్దరూ అమ్మమ్మ దగ్గర ఉంటారు. తల్లి మానసిక రోగుల ఆసుపత్రిలో ఉంది. తండ్రి ఎవరో జేమీకి సరిగా తెలియదు. పొలంలో పనిచేసే ఒక జర్మన్ యుద్ధఖైదీ జేమీకి స్నేహితుడవుతాడు. పిల్లవాడు బొమ్మల పుస్తకం పట్టుకుని అతనికి ఇంగ్లీషు నేర్పుతాడు. లోకం శత్రువని చెప్పిన మనిషే ఆ పిల్లవాడిని ఎత్తుకుని నవ్వించిన మనిషి. యుద్ధం అయిపోగానే అతను వెళ్లిపోతాడు.

ఆ సినిమాలో ఒక దృశ్యం మేము మరిచిపోలేనిది. అమ్మమ్మ చలికి కొయ్యబారి కుర్చీలో కూర్చుని ఉంటుంది. జేమీ మరిగే నీళ్లు కప్పులో పోస్తాడు. కప్పు నిండి పొర్లుతుంది. టీ చేస్తున్నాడేమో అనుకుంటాం. ఆ నీళ్లు పారబోస్తాడు. ఆ వేడి కప్పును తెచ్చి అమ్మమ్మ చేతుల్లో పెట్టి, ఆమె వేళ్లను దాని చుట్టూ మూస్తాడు. ఆ ఇంట్లో ఆమెకు ఇవ్వగలిగింది ఆ వెచ్చదనం ఒక్కటే. ఒక్క మాట ఉండదు, గుండె బరువెక్కించే సంగీతం ఉండదు. ఏడవమని మనల్ని ఎవరూ అడగరు. అయినా కళ్లు తడుస్తాయి.

చివర్లో అమ్మమ్మ చనిపోతుంది. జేమీ వంతెన మీది నుంచి కింద వెళుతున్న బొగ్గు రైలు మీదికి దూకుతాడు. రైలు అతన్ని ఎక్కడికో తీసుకుపోతుంది. 46 నిమిషాల ఈ చిన్న నలుపు తెలుపు సినిమాకు 1972లో వెనిస్ చలనచిత్రోత్సవంలో సిల్వర్ లయన్ బహుమతి వచ్చింది.

మరో రెండు భాగాలు

రెండో సినిమా 'మై ఎయిన్ ఫోక్', అంటే 'నా సొంతవాళ్లు', 1973లో వచ్చింది. మొదలవగానే తెర నిండా రంగులు కనిపిస్తాయి. అది హాల్లో ఆడుతున్న లాసీ అనే కుక్క సినిమా. టామీ కన్నీళ్లతో చూస్తుంటాడు. వెంటనే రంగు పోతుంది. గని కార్మికులు ఇనుప పంజరంలో చీకటిలోకి దిగిపోతుంటారు. పేదపిల్లవాడి కలకూ బతుకుకూ మధ్య ఎంత దూరమో బిల్ ఒక్క మాట లేకుండా చెప్పాడు. ఇందులో అన్నను అనాథాశ్రమానికి పంపేస్తారు. జేమీ నాయనమ్మ ఇంట్లో తిట్లు తింటూ పెరుగుతాడు. చివరికి జేమీని కూడా ఆశ్రమానికే తీసుకుపోతారు. పేరుకు సొంతవాళ్లు, అందులో ప్రేమగా దగ్గరికి తీసిన చెయ్యి మాత్రం అరుదు.

మూడోది 'మై వే హోమ్', అంటే 'నా ఇంటి దారి'. ఇది 1978లో పూర్తయింది. ఇందులో జేమీ ఆశ్రమంలో ఉంటాడు. అక్కడి వార్డెన్ మంచివాడు. తిండి పెట్టి ఊరుకోకుండా పిల్లవాడిలో ఏదో ఉందని గమనించే మనిషి. ఇది చూస్తున్నప్పుడు మన హాస్టల్లో రాత్రి స్టడీ అవర్‌లో పక్కన కూర్చుని లెక్కలు చెప్పిన వార్డెన్ సార్లు మాకు గుర్తొచ్చారు. తర్వాత జేమీ పనికి పోతాడు, నిలవలేకపోతాడు. చివరికి సైన్యంలో చేరి ఈజిప్టు వెళతాడు. అక్కడ రాబర్ట్ అనే చదువుకున్న యువకుడు పరిచయమవుతాడు, పుస్తకాలు ఇస్తాడు, తన ఇంటికి రమ్మని పిలుస్తాడు. రాబర్ట్ ఎవరో మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. చివర్లో ఒక ఖాళీ గది కనిపిస్తుంది. ఆ తర్వాత విరగబూసిన చెట్లు. మూడు సినిమాల చీకటి తర్వాత ఆ పూలు చూస్తే మనమే జైలు నుంచి విడుదలైనట్టు అనిపిస్తుంది.

మూడూ కలిపి చూస్తే మూడు గంటలు కూడా నిండవు. ఆ మూడు గంటల కోసం ఆయన ఏడేళ్లు పెట్టాడు. షూటింగులో ఆయనతో వేగడం కష్టమని పేరు పడింది. అనుకున్న దృశ్యం అనుకున్నట్టు వచ్చేదాకా ఒప్పుకునేవాడు కాదు. తోటివాళ్లతో గొడవలు కూడా పడ్డాడు. ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం మా ఉద్దేశం కాదు. తన చిన్నతనపు గాయాన్ని రోజూ కెమెరా ముందు మళ్లీ విప్పుకునే మనిషికి మనసు స్థిమితంగా ఉండకపోవడం మాత్రం మాకు అర్థమవుతుంది. జేమీగా నటించిన స్టీఫెన్‌కు కూడా ఆ తర్వాత బతుకు సుఖంగా సాగలేదు. నలభై ఏళ్లు నిండకుండానే 1998లో చనిపోయాడు. తెర మీద జేమీకి దొరికిన దారి బయట ప్రతి జేమీకీ దొరకదని ఈ విషయం మనకు చెబుతుంది.

ఆరుగురు పాలేర్లు

తన కథ అయిపోయాక బిల్ తనవంటి వాళ్ల కథ వైపు తిరిగాడు. ఇంగ్లండ్‌లో డోర్సెట్ ప్రాంతంలో టోల్‌పడిల్ అనే పల్లె ఉంది. 1830లలో అక్కడి పాలేర్లకు వారానికి ఇచ్చే కూలిని భూస్వాములు తగ్గిస్తూ వచ్చారు. తొమ్మిది షిల్లింగులు ఎనిమిదయ్యాయి, ఎనిమిది ఏడయ్యాయి, ఇంకా తగ్గించి ఆరు చేస్తామన్నారు. జార్జ్ లవ్‌లెస్ అనే పాలేరు, చర్చిలో బోధ చేసే మనిషి, తోటివాళ్లతో కలిసి ఒక సంఘం పెట్టాడు. సంఘం పెట్టడం అప్పటికి నేరం కాదు. అందుకని సభ్యులు రహస్యంగా ప్రమాణం చేశారన్న మరో చట్టం వెతికి పట్టుకున్నారు. 1834 మార్చిలో ఆరుగురికి ఏడేళ్ల ప్రవాస శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడలో పంపారు. దేశమంతా అట్టుడికింది. ఎనిమిది లక్షల సంతకాలతో వినతిపత్రం వెళ్లింది. 1836లో క్షమాభిక్ష పెట్టక తప్పలేదు. ఆ తర్వాత వాళ్లు స్వదేశానికి తిరిగొచ్చారు. టోల్‌పడిల్ అమరవీరులని వాళ్లకు పేరు. కార్మిక సంఘాల చరిత్ర ఎక్కడ చదివినా ఈ పేరు తగులుతుంది.

ఈ కథతో బిల్ 'కామ్రేడ్స్' తీశాడు. స్క్రిప్టు రాసినప్పటి నుంచి షూటింగు దాకా ఏళ్లు గడిచాయి. 1985లో చిత్రీకరణ జరిగింది. సైన్యం అవసరాల కోసం 1943లో ఖాళీ చేయించిన టైన్‌హామ్ అనే పల్లెలో కొంత తీశారు, ఆస్ట్రేలియా వెళ్లి కొంత తీశారు. సినిమా నిడివి మూడు గంటలు. అది 1986 చివర లండన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించబడి, 1987లో విడుదలైంది. తారాగణం విషయంలో బిల్ ఒక పని చేశాడు. వనెస్సా రెడ్‌గ్రేవ్, జేమ్స్ ఫాక్స్ వంటి పేరున్న తారలకు పై వర్గం వేషాలు ఇచ్చాడు. పాలేర్ల వేషాలకు అప్పటికి జనానికి పెద్దగా తెలియని నటులను తీసుకున్నాడు. తెర మీద కూడా పేరున్నవాళ్లు, పేరు లేనివాళ్లు అన్న తేడా మనకు తెలిసిపోతుంది. ఎవరి పక్షాన నిలబడాలో కూడా తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఆ సినిమా తీసిన 1985లోనే బ్రిటన్ బొగ్గు గని కార్మికులు ఏడాది పాటు చేసిన సమ్మె ఓడిపోయింది. గనులు మూతపడే రోజులు వచ్చాయి. గనుల ఊరి బిడ్డ సంఘం విలువ చెప్పే సినిమా తీసింది సరిగ్గా ఆ కాలంలోనే. వ్యాపారపరంగా అది నిలబడలేదు. కొద్ది రోజుల్లోనే హాళ్ల నుంచి వెళ్లిపోయింది.

కామ్రేడ్స్‌లో కథ చెప్పేవాడు మాజిక్ లాంతరు మనిషి. సినిమా పుట్టక ముందు గాజు పలకల మీద బొమ్మలు గీసి, దీపం వెలుగుతో వాటిని గోడ మీద పెద్దవిగా చూపించే ఆట ఇది. మన తోలుబొమ్మలవాళ్లలాగే వాళ్లు కూడా ఊరూరా తిరిగి పొట్టపోసుకునేవాళ్లు. అలెక్స్ నార్టన్ అనే నటుడు లాంతరు మనిషిగానూ, ఇంకా పది పన్నెండు వేషాల్లోనూ కనిపిస్తాడు. పేదవాడి చరిత్రను రాజుల పుస్తకాలు రాయవు, వీధిలో బొమ్మలాడించేవాడే దాన్ని మోసుకొస్తాడన్నది బిల్ నమ్మకమని మాకు తోస్తుంది.

మిగిల్చి వెళ్లిన నిధి

ఆ తర్వాత ఆయనకు ఇంకో సినిమా తీసే అవకాశం రాలేదు. పరుగెత్తే గుర్రాన్ని మొదటిసారి వరుస ఫోటోలుగా తీసిన మైబ్రిడ్జ్ గురించి ఒకటి, స్కాట్లండ్ రచయిత జేమ్స్ హాగ్ నవల ఆధారంగా ఒకటి స్క్రిప్టులు రాసి పెట్టుకున్నాడు. రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. ఫిల్మ్ స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1991 జూన్ 18న ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో, బార్న్‌స్టపుల్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. వయసు 57 ఏళ్లు. దగ్గరలోని బిషప్స్ టాటన్ అనే పల్లెలో ఆయన్ని సమాధి చేశారు.

బిల్, పీటర్ 1960ల నుంచి ఒక అలవాటు పెట్టుకున్నారు. మాజిక్ లాంతర్లు, గాజు పలకలు, పాత సినిమా పుస్తకాలు, పోస్టర్లు, ఆట బొమ్మలు ఏవి కనబడితే అవి కొని దాచేవాళ్లు. డబ్బున్నవాళ్ల సరదా కాదది. తినడానికి తగ్గించుకుని కొన్నవే ఎక్కువ ఉంటాయని మేము అనుకుంటున్నాం. అలా పోగైన సుమారు 50 వేల వస్తువులను పీటర్ 1994లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. 1997లో అక్కడ బిల్ డగ్లస్ పేరుతో మ్యూజియం తెరిచారు. జామ్ సీసాలు ఏరుకుని సినిమాకు వెళ్లిన పిల్లవాడి పేరు ఈ రోజు ఒక విశ్వవిద్యాలయం గోడ మీద ఉంది. 2008లో మూడు సినిమాలను, 2009లో కామ్రేడ్స్‌ను బాగుచేసి డి.వి.డి.లుగా తెచ్చారు. అలా అవి మా వరకూ వచ్చాయి.

తమ్ముళ్లారా! కష్టపడితే అందరూ గొప్పవాళ్లవుతారని చెప్పి ఈ వ్యాసం ముగించడం మాకు ఇష్టం లేదు. బిల్ డగ్లస్ ఎంతో కష్టపడ్డాడు, అయినా నాలుగు సినిమాలే తీయగలిగాడు. ఆ నాలుగు కూడా ఒంటరిగా తీయలేదు. పుస్తకం చేతిలో పెట్టిన ఒక స్నేహితుడు, స్క్రిప్టు చదివి నమ్మిన ఒక అధికారి లేకపోతే అవీ ఉండేవి కావు. మీ పక్క మంచం మీద పడుకున్నవాడికి మీరు ఒక పీటర్ కావచ్చు. రేపు మీలో ఎవరైనా అధికారి కుర్చీలో కూర్చుంటే, మాసిన చొక్కాతో వచ్చిన పిల్లవాడి కాగితాన్ని పూర్తిగా చదవండి.

మీరు ఎక్కడి నుంచి వచ్చారో దాచకండి. మా మాట కాస్త ఆలస్యంగా వచ్చిన మాట. గీకేసిన ట్రంకుపెట్టె ఇప్పటికీ మాలో ఒకరి ఇంట్లో అటక మీద ఉంది. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేముందు దాన్ని దింపి, దుమ్ము తుడిచి, హాస్టల్ పేరు మళ్లీ తెల్ల రంగుతో రాయించాం.